మూడు తప్పులు రాయండి

ఏరు పొంగి ఉతుకుడు షెడ్డులోకి నడుంలోతు నీళ్ళు వచ్చాక రెండో ఏడాది అది. వరద పాత యంత్రాలన్నిటినీ మింగేసింది. పాత యజమాని చేతులెత్తేశాడు. కొత్త కంపెనీ వచ్చింది, కొత్త రోలరు వచ్చింది, కొత్త మేనేజరు వచ్చాడు. ఆయన వెంట ఒక రూలు కూడా వచ్చింది. షెడ్డుకి ఇన్‌ఛార్జిగా ఉండాలంటే వ్యాపార సూత్రాల కోర్సు చదివి సర్టిఫికెట్టు తెచ్చుకోవాలి.

అందుకని షెడ్డు మేస్త్రీ యాభై నాలుగో ఏట కాలేజీకి వెళ్ళాడు. సాయంత్రం అయిదింటికి షెడ్డులో షిఫ్టు దిగి, చేతులకి సబ్బు వాసన పోకుండానే వెళ్ళి చివరి బెంచీలో కూర్చునేవాడు. ఆ బెంచీలు పడుచు పిల్లల కోసం చేసినవి. మోకాళ్ళు ముందు పలకకి కొట్టుకునేవి. ఆయన చదివింది మూడో తరగతి. అక్షరాలు వచ్చు, కానీ ఒక్కోటి పలకరించి దాటాల్సిందే, గబగబా నడిచిపోవడం చేతకాదు.

ఆ సోమవారం లెక్చరరమ్మ బోర్డు మీద రెండు మాటలు రాసింది. అధికారం, బాధ్యత.

"ఇవి రెండూ కవల పిల్లలండీ," అంది చేతికంటిన సుద్దపొడి దులుపుకుంటూ. "ఒకర్ని ఎత్తుకుని ఇంకొకర్ని కింద వదిలేస్తే ఆ ఇల్లు నడవదు. ఎవరైతే పని చెయ్యమని చెప్తారో, దాని మంచిచెడ్డలకి వాళ్ళే పూచీ. వ్యాపారంలో ఇది మొదటి సంగతి."

మేస్త్రీకి ఆ అమ్మాయి పాఠం చెప్పే తీరు నచ్చింది. తన కూతురంత ఉంటుంది. నోటుబుక్కులో ఆ మాట నెమ్మదిగా రాసుకున్నాడు. నెలన్నరలో ఆయన పూర్తిగా రాసుకున్న వాక్యం అదొక్కటే.

తర్వాత ఆవిడ అందరికీ తలా ఒక కాగితం పంచింది. "ఇది మన ఊళ్ళో జరిగిందే. చదివి కింద జవాబు రాసి గురువారం ఇవ్వండి. ఇది ఇవ్వనివాళ్ళకి సర్టిఫికెట్టు రాదు, ముందే చెప్తున్నాను."

మేస్త్రీ వేలు పెట్టి చదవడం మొదలుపెట్టాడు.

'ఒక బట్టలుతుకు సంస్థలో శిక్షణ పట్ల శ్రద్ధ లేని ఒక కార్మికురాలు, త్వరగా పని ముగించుకొని ఇంటికి పోవాలనే ఆత్రముతో, యంత్రమునకు గల రక్షణ కడ్డీని తీగతో తానే పైకి కట్టివేసినది. తత్ఫలితముగా ఆమె కుడిచేయి యంత్రములో పడి నాలుగు వేళ్ళు పోయినవి. సంస్థకు రెండు దినముల పని నష్టము వాటిల్లినది. ప్రశ్న: కార్మికురాలు చేసిన మూడు తప్పులు రాయండి.'

'తానే' అన్న చోట ఆయన వేలు ఆగిపోయింది. మళ్ళీ మొదటికి వెళ్ళి వచ్చాడు. మళ్ళీ అక్కడే ఆగింది.

పక్కన కూర్చునేది మందుల షాపాయన. చలాకీ మనిషి. అప్పుడే రాయడం కూడా మొదలుపెట్టాడు. "మూడేంటన్నా, ముప్ఫై రాయొచ్చు. కడ్డీ ఉన్నదెందుకు, తీగ కట్టడమెందుకు? మతుందా ఆవిడకి?" అని నవ్వాడు. ముందు బెంచీలో ఇద్దరు వెనక్కి తిరిగి వాళ్ళూ నవ్వారు.

మేస్త్రీ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు. ఆ పూట ఇంకేమీ వినలేదు.

మంగళవారం పొద్దున రోలరు దగ్గర నిలబడ్డాడు. రోజూ నిలబడే చోటే. రోలరంటే మనిషి నిలువు పొడుగున్న రెండు వేడి ఇనప దుంగలు, ఒకదాని మీద ఒకటి తిరుగుతుంటాయి. ఇటువైపు ఇద్దరు ఆడవాళ్ళు ఆసుపత్రి దుప్పటి రెండు కొసలూ పట్టుకుని, ఒక్క విదిలింపు విదిలించి, ముడత లేకుండా అందిస్తారు. తడి దుప్పటి ఆవిర్లు కక్కుతూ లోపలికి పోయి, అటువైపు కొత్త కాగితంలా బయటికి వస్తుంది. అందించే చేతులకీ తిరిగే దుంగలకీ మధ్య సన్న కడ్డీ ఒకటి అడ్డంగా ఉంటుంది. చెయ్యి దానికి తగిలితే యంత్రం టక్కున ఆగిపోతుంది. చెయ్యే అక్కర్లేదు, దుప్పటి అంచు కాస్త మందంగా కుట్టి ఉన్నా ఆగిపోతుంది. షిఫ్టుకి ముప్ఫైసార్లు ఆగుతుంది. ఆగినప్పుడల్లా మేస్త్రీ వచ్చి మీట ఎత్తాలి.

ఎనిమిది నెలల కింద ఒక రోజు మేనేజరు వచ్చి, ఆగిన రోలరు వంకా వెనక పేరుకున్న బట్టల బండ్ల వంకా చూసి, "ఆ కడ్డీ సంగతేదో చూడు మేస్త్రీ," అన్నాడు. "చూడటమంటే?" అని మేస్త్రీ అడిగాడు. "పైకి కట్టెయ్యి. ఇన్నేళ్ళ పనివాడివి, అదీ నేనే చెప్పాలా?" అన్నాడు. మేస్త్రీ ఇనప తీగ తెచ్చి కడ్డీని పైనున్న కొక్కేనికి రెండు చుట్లు చుట్టి బిగించాడు. మెలిక విడకుండా పటకారుతో నొక్కాడు కూడా. ఏ పని చేసినా గట్టిగా చేస్తాడని ఆయనకి పేరు.

రోలరుకి బట్టలందించే ఆవిడ ఒకావిడ ఉండేది, అందరూ రోలరక్క అనేవాళ్ళు. పద్దెనిమిదో రోజున దిండు గలీబు తాడు ఆవిడ వేళ్ళకి చుట్టుకుని చేతిని లోపలికి లాక్కుపోయింది.

ఇప్పుడు కడ్డీ కిందకే ఉంది. దానికి ఎర్ర రంగు వేశారు. గోడకి జాగ్రత్త బోర్డు తగిలించారు. యంత్రం ముప్ఫైసార్లు ఆగుతూనే ఉంది. ఎవరూ ఏమీ అనడం లేదు. రోలరక్కని మాత్రం నిర్లక్ష్యమని రాసి పనిలోంచి తీసేశారు.

మధ్యాహ్నం మేనేజరు వచ్చాడు, రెండు చేతులూ జేబుల్లో పెట్టుకుని.

"ఏం మేస్త్రీ, కాలేజీ ఎలా ఉంది? బెంచీలో కాళ్ళు పడుతున్నాయా?"

"పడుతున్నాయండి."

"మన కథే ఇచ్చారట కదా. నేనే రాసిచ్చాలే. ఊళ్ళో వ్యాపారాల నుంచి ఉదాహరణలు కావాలని అడిగారు. పేర్లు పెట్టలేదు, చూశావా? ఎవరికీ నొప్పి తగలకుండా రాశాను."

"తగిలే నొప్పి ముందే తగిలింది కదండీ."

మేనేజరు ముఖంలో నవ్వు అలాగే ఉంది, కళ్ళలోది మాత్రం పోయింది. ఒక అడుగు దగ్గరికి వచ్చాడు. రోలరు చప్పుడులో ఇంకొకరికి వినపడదు.

"తీగ కట్టిన చెయ్యి ఎవరిదో నీకూ తెలుసు, నాకూ తెలుసు. ఆ కాగితం నన్నొక్కణ్ణే కాదు, నిన్నూ కాస్తోంది. నోరు మూసుకుని రెండు ముక్కలు గిలికెయ్యి. పాఠాన్ని పాఠంలా చూడు. నెలాఖరుకి సర్టిఫికెట్టు తెచ్చావా, ఇన్‌ఛార్జి నువ్వే. తేలేదా, మా బావమరిది ఖాళీగానే ఉన్నాడు."

దుప్పటి అంచు తగిలి రోలరు ఆగింది. మేస్త్రీ వెళ్ళి మీట ఎత్తాడు. తిరిగి చూస్తే మేనేజరు లేడు.

బుధవారం ఆయనకి సెలవు. రోలరక్క ఇంటికి వెళ్ళాడు. ప్రమాదం తర్వాత ఆసుపత్రిలో ఒక్కసారి చూశాడు, అంతే. ఇంటి గుమ్మం తొక్కడానికి మొహం చెల్లలేదు.

ఆవిడ వాకిట్లో కూర్చుని ఇరుగుపొరుగు బట్టలు మడతపెడుతోంది. చీర ఒక కొసని గడ్డం కింద అదిమి, రెండో కొసని ఎడమచేత్తో దూసి, మోకాలి మీద వేసి ఒక చరుపు చరిచేది. మడత గీత గీసినట్టు వచ్చేది. కుడిచేతికి పాత తువ్వాలు ముక్క చుట్టి ఉంది.

"ఎవరూ, మేస్త్రీయేనా! ఏం తమ్ముడూ, దారి తప్పావా?"

"తప్పలేదక్కా."

"అయితే కూర్చో. ఆ కుర్చీకి మూడు కాళ్ళే నికరం. గోడకి ఆనుకుని కూర్చో, పడ్డావంటే మళ్ళీ నా నిర్లక్ష్యమంటారు."

మేస్త్రీ కూర్చున్నాడు. జేబులో కాగితం తీసి, ఇది కాలేజీలో చెప్పే పాఠమని చెప్పి, ఒక్కో అక్షరమే కూడబలుక్కుంటూ చదివాడు. రోలరక్క మడతలు ఆపకుండానే వింది. 'ఇంటికి పోవాలనే ఆత్రము' దగ్గర పకపకా నవ్వింది.

"ఆత్రమా! ఈ ఇంటికా! చలికాలం ఆ రోలరు పక్కన వెచ్చగా ఉంటుందని గంట ముందే వచ్చి కూర్చునేదాన్ని కదయ్యా! రాసినవాడు మా ఇల్లు చూసుంటే ఆ మాట రాయడు."

తర్వాతి ముక్క విన్నాక ఆవిడ చెయ్యి ఆగింది.

"నా అంతట నేనే కట్టానా?"

"అలా రాశారు."

"ఆ కొక్కెం ఎక్కడుంది, నేనెక్కడున్నాను? స్టూలు ఎక్కి నిక్కినా అందదే నాకు!"

మేస్త్రీ కాగితం వంకే చూస్తూ అడిగాడు. ఎనిమిది నెలలుగా మోస్తున్న మాట అది. "నేను కట్టానని ఎందుకు చెప్పలేదక్కా?"

"ఎవరడిగారు? వచ్చినవాడల్లా 'నువ్వేం చేశావు, నువ్వేం చేశావు' అనే అడిగాడు. 'కట్టిందెవరు' అని ఒక్కడన్నా అడిగితే ఒట్టు."

"అడిగితే చెప్పేదానివా?"

"చెప్పనా మరి? నువ్వేమన్నా నా మేనమామ కొడుకువా దాచిపెట్టడానికి?" అంది. మడత సర్దుతూ మళ్ళీ తనే అంది. "నీ పేరు చెప్పి, నీ పక్కనే ఆయన పేరూ చెప్పేదాన్ని. 'పైకి కట్టెయ్యి' అన్నప్పుడు నేనక్కడే గలీబులు దులుపుతున్నాను. ఆయనకి నేను కనపళ్ళేదు. బట్టల బండి పక్కన ఇంకో బండి అనుకున్నాడు కాబోలు."

ఆవిడ చీరని మళ్ళీ విప్పి మళ్ళీ మడతపెట్టింది. ఈసారి గీత వంకర పోయింది.

"ఎంతమందికి చెప్తారు ఈ పాఠం?"

"పగటి బ్యాచిలోనే డెబ్బైమంది. సాయంత్రం మేమొక పాతికమందిమి."

"ఈ ఒక్క ఏడాదేనా?"

"ఏటా చెప్తారు."

"అంటే నేను పోయాక కూడా చెప్తారు."

మేస్త్రీ తలూపాడు.

"రోలరు నా చెయ్యి తింది. అది ఇనప ముండ, దానికేం తెలుసు, దాని మీద నాకు కోపం లేదు," అంది రోలరక్క. "ఇంకా పుట్టని పిల్లలు కూడా నన్ను తెలివితక్కువదని చదువుకుంటారా? ముప్ఫై ఏళ్ళు దుప్పట్లు పట్టాను. ఒక్క దుప్పటి కాల్చలేదు. ఏదీ, ఒక్కటి చూపించమను!"

మేస్త్రీ లేచాడు. కుర్చీని మళ్ళీ గోడకి సరిగ్గా ఆనించి వెళ్ళాడు.

గురువారం పొద్దున పనికి బయల్దేరుతూ, ఆ కాగితం మీద తను ఏం రాయబోతున్నాడో భార్యతో చెప్పాడు. ఆయన మామూలుగా ఇంట్లో చెప్పే మనిషి కాదు. మూడు మాటల్లో చెప్పాడు.

"ఇన్‌ఛార్జి పని పోవచ్చు. అసలు పనే పోవచ్చు," అన్నాడు చివర.

ఆవిడ మంచినీళ్ళ సీసా మూత బిగిస్తూ అంది. "ఎనిమిది నెలల్నుంచి కంచం ముందు కూర్చుని చేతులు చూసుకుంటున్నారు. నేనేమన్నా గుడ్డిదాన్నా? పని పోతే ఇంకో పని. ముందు ఆ చూపు పోనివ్వండి."

సాయంత్రం క్లాసులో అందరూ జవాబులు ఇచ్చేశారు. మందుల షాపాయన రెండు పేజీలు రాశాడు, కింద గీతలు కూడా కొట్టాడు. మేస్త్రీ ఇంకా రాస్తూనే ఉన్నాడు. పెన్నుని పటకారు పట్టినట్టు పట్టుకునేవాడు. ఒక్కో అక్షరం కాగితం వెనక్కి పొడుచుకొచ్చేలా నొక్కి రాశాడు.

'ఒకటి. కట్టమన్నది మేనేజరు. రెండు. కట్టింది నేను. మూడో తప్పు ఈ కాగితం.'

కాసేపు ఆలోచించి దాని కింద ఇంకా రాశాడు. 'అధికారం బాధ్యత కవల పిల్లలన్నారు. ఆయన ఒకర్ని ఎత్తుకుని రెండో పిల్లని అక్క చేతిలో పెట్టాడు. ఆ చేతికి వేళ్ళు లేవు.' కింద సంతకం పెట్టాడు. దాని పక్కన షెడ్డులో తన హాజరు నంబరు కూడా వేశాడు.

లెక్చరరమ్మ నిలబడే చదివింది. చదివి, కుర్చీ లాక్కుని కూర్చుని మళ్ళీ చదివింది. మిగతావాళ్ళు వెళ్ళేదాకా ఆగింది. మందుల షాపాయన గుమ్మంలో నిలబడి, "ఏమన్నా, ఇంకా మూడు దొరకలేదా?" అన్నాడు.

"దొరికాయి," అన్నాడు మేస్త్రీ. "ఒకటి నాది."

అతను ఏదో అనబోయి, ఇద్దరి ముఖాలూ చూసి మెల్లగా జారుకున్నాడు.

"ఇది నిజమేనా మేస్త్రీ గారూ?"

"సంతకం పెట్టాను కదమ్మా."

"మీ సర్టిఫికెట్టు మీద కంపెనీ తరఫున ఆయన సంతకం కూడా కావాలి. తెలుసా?"

"తెలుసు."

"ఇది బయటికి వస్తే మీ మీద కేసు కూడా పెట్టొచ్చు. కట్టింది మీరే కాబట్టి."

"కట్టింది నేనే కాబట్టి," అన్నాడు మేస్త్రీ. "పెట్టనీండి. అప్పుడన్నా 'కట్టమన్నదెవరు' అని అడుగుతారు."

ఆవిడ కాగితాన్ని బల్ల మీద పెట్టి రెండు చేతులతో చదును చేసింది. మడతల గీతలు పోలేదు. "నేనిక్కడ పర్మనెంటు కాదండీ. ఏడాదికేడాది తీసుకుంటారు. ఈ ఉదాహరణలన్నీ ప్రిన్సిపాలు గారు తెప్పించినవి. ఇప్పటికి రెండు బ్యాచిలకి చెప్పాను. రెండుసార్లూ పిల్లలు నవ్వారు." కాగితం మీంచి చేతులు తీసేసింది. "నేనూ నవ్వాను."

"ఇక చెప్పకండి."

"రేపు పొద్దున ఎనిమిదింటికి పగటి బ్యాచికి ఇదే పాఠం. మీ ఒక్కరి మాట మీద తీసేశాననుకోండి. సర్టిఫికెట్టు రాదన్న కక్షతో రాశాడంటారు. అది నమ్మి నేను తీసేశానంటారు. ఒక్కరి మాట నిలవదు."

"ఇంకో మనిషి విన్నది. కట్టమన్నప్పుడు అక్కడే ఉంది."

"ఎవరు?"

"పాఠంలో మనిషి."

లెక్చరరమ్మ బోర్డు తుడిచింది. తుడిచిన చోటే మళ్ళీ తుడిచింది. వీపు ఇటు పెట్టుకునే అంది.

"ఎనిమిదింటికి తలుపు మూసేస్తాను. ఆలస్యంగా వచ్చినవాళ్ళని ఎవర్నీ రానివ్వను. అది నా రూలు."

"ఎనిమిది లోపల వచ్చినవాళ్ళని?"

"ఎనిమిది లోపల వచ్చినవాళ్ళని ఎవరు మీరు అని అడగను."

మర్నాడు ఏడింటికి మేస్త్రీ షెడ్డు గేటు ముందు నుంచే నడిచి వెళ్ళాడు, లోపలికి తిరగకుండా. వాచ్‌మన్ కేకేశాడు. "మేస్త్రీ! గేటు ఇటు! నిద్రలో నడుస్తున్నావా?"

"ఈ పూట రాను. కాలేజీలో పనుంది. మేనేజరు అడిగితే అదే చెప్పు."

"సాయంత్రం కదా నీ కాలేజీ?"

"ఈరోజు పొద్దున కూడా ఉంది."

ఇంటికి వెళ్ళి రమ్మంటే రోలరక్క ముందు ససేమిరా అంది. "డెబ్బైమంది ముందు నేనేం మాట్లాడతాను? నాకు సంతకమే రాదు. ఉన్న వేళ్ళతో కూడా రాదు."

"మాట్లాడొద్దులే అక్కా. వాళ్ళు ఏం తప్పు చేశావని అడుగుతారు. నువ్వు ఎవరు కట్టారో చెప్పు. నేను పక్కనే ఉంటాను."

"నీ పేరే ముందు చెప్తాను."

"ముందు అదే చెప్పాలి."

ఆవిడ మేస్త్రీని ఎగాదిగా చూసింది. "ఎవడన్నా తన పేరు చెప్పించుకోడానికి ఇంత పొద్దున్నే వస్తాడటయ్యా!" అంది. మొహం కడుక్కుని ఉతికిన చీర కట్టుకుని వచ్చింది. గుమ్మం దిగాక ఆగి, కుడిచేతి తువ్వాలు ముక్కని పళ్ళతో లాగి విప్పింది. దాన్ని నాలుగు మడతలు పెట్టి వాకిట్లో బట్టల దొంతర మీద పెట్టింది. ఇద్దరూ నడిచారు. ఆవిడ చిన్న అడుగులకి సరిపోయేలా మేస్త్రీ తన నడక తగ్గించాడు.

కాలేజీ వరండాలో గడియారం ఎనిమిదికి రెండు నిమిషాలు తక్కువ చూపిస్తోంది. పగటి బ్యాచి పిల్లలు బెంచీల నిండా కూర్చున్నారు. అందరి ముందూ ఆ కాగితమే. ఎవరో ఏదో అన్నారు, ఒక మూల నుంచి నవ్వు లేచింది. లెక్చరరమ్మ తలుపు దగ్గర నిలబడి ఉంది. రెండు రెక్కల తలుపది. ఒక రెక్క గడియ వేసే ఉంది, రెండో రెక్క ఆవిడ చేతిలో ఉంది.

వీళ్ళని చూసింది. ముందు మేస్త్రీని, తర్వాత రోలరక్కని, తర్వాత ఆ చేతిని. చేతి దగ్గర ఆవిడ చూపు ఆగిపోయింది.

"రండి," అంది.

లోపల నవ్వు ఆగింది. గుమ్మానికి దగ్గరగా ఉన్న బెంచీల నుంచి మొదలై, ఆ నిశ్శబ్దం వెనకదాకా పాకింది.

తెరిచి ఉన్న రెక్క వైపు నుంచి రోలరక్క పక్కకి తిరిగి, ఒదిగి లోపలికి పోబోయింది. షెడ్డులో బండ్ల మధ్య నడిచీ నడిచీ ఆవిడకి అలవాటైన నడక అది.

"ఉండక్కా," అన్నాడు మేస్త్రీ.

చెయ్యి పైకెత్తి రెండో రెక్క గడియ లాగాడు. అది ఎప్పుడూ తియ్యనిది, బిగుసుకుపోయి ఉంది. మళ్ళీ లాగాడు. కిర్రుమని వచ్చింది. రెక్కని గోడదాకా నెట్టి, అక్కడే వీపుతో ఆనించి పట్టుకుని నిలబడ్డాడు.

"ఇప్పుడు వెళ్ళు," అన్నాడు.